మోర్మన్ రక్షణ సిద్ధాంతం: కృపకూ క్రియలకూ నడుమ విధుల స్థానం

కడవరి దిన పరిశుద్ధుల, అంటే మోర్మన్ల, దేవాలయాల్లో సాధారణంగా కింది అంతస్తున ఒక పెద్ద నీటి తొట్టి ఉంటుంది. పన్నెండు ఎద్దుల ప్రతిమల వీపుల మీద నిలిపిన ఆ తొట్టి, బైబిలులోని సొలొమోను దేవాలయంలో పోతపోసిన సముద్రమని పిలిచిన పెద్ద లోహపు తొట్టిని తలపించేలా రూపొందింది. తెల్లని బట్టలు వేసుకున్న పన్నెండు పదమూడేళ్ల అమ్మాయి నడుము లోతు నీటిలోకి దిగుతుంది. యాజకత్వం, అంటే ఇలాంటి కర్మలు జరిపే అధికారం, ఉన్న ఒక సభ్యుడు ఆమె చేతిని పట్టుకుని, తన కుడిచేతిని పైకెత్తి, చనిపోయిన ఫలానా స్త్రీ పక్షంగా తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములో బాప్తిస్మం ఇస్తున్నానని పలికి, ఆమెను పూర్తిగా ముంచి లేపుతాడు. ఇద్దరు సాక్షులు పక్కనే నిలబడి చూస్తుంటారు. ప్రార్థనలో ఒక మాట తప్పినా, జుట్టు కొసో బట్ట అంచో నీటిపైన తేలి కనిపించినా మళ్లీ మొదటినుంచి చేయవలసిందే. అది సరిగ్గా జరగగానే తరువాతి పేరు చదువుతారు. ఒకే పూటలో ఆ అమ్మాయి ఎందరో స్త్రీల పక్షాన మునగవచ్చు.

ఈ పని ఎవరిది, దీని ఫలం ఎవరిది అని అడిగితే మోర్మన్ రక్షణ సిద్ధాంతం లోపలి నిర్మాణమంతా బయటపడుతుంది. నీటిలో మునిగిన అమ్మాయి తన బాప్తిస్మం ఎప్పుడో తీసుకుంది. ఈ మునక ఆమె సొంత పాపాలకు సంబంధించినది కాదు. ఎవరి పేరు చదివారో ఆ స్త్రీ ఇందులో ఏ పనీ చేయలేదు, చేయగల స్థితిలోనూ లేదు. అయినా ఈ కర్మ జరగకపోతే ఆమె దేవుని సన్నిధికి చేరలేదని సంఘం బోధిస్తుంది. జరిగినప్పటికీ ఆత్మల లోకంలో ఆమె తన ఇష్టంతో దాన్ని అంగీకరించకపోతే అది చెల్లదని కూడా అదే సంఘం బోధిస్తుంది. మోర్మన్లు క్రియల ద్వారా, అంటే తమ మంచి పనుల వల్ల, రక్షణ సంపాదించుకోవాలనుకుంటారన్న ఆరోపణ ఇతర క్రైస్తవ సంఘాల్లో చాలా పాతది. ఆ తొట్టి దగ్గర జరిగేదాన్ని ఆ ఆరోపణ వివరించలేదు. దేవుడు ఉచితంగా ఇచ్చే కృప ఒక్కటే చాలునన్న మాటా వివరించలేదు. రెంటికీ అందని మూడవ అంశం ఒకటి ఇందులో ఉంది. యాజకత్వ అధికారంతో జరిగే పవిత్ర కర్మలను మోర్మన్లు విధులు అంటారు. వారి సిద్ధాంతానికి ఇరుసు అక్కడే ఉంది. దాన్ని పక్కన పెట్టి కృపా క్రియలా అని వాదించుకున్నంత కాలం ఆ చర్చ ఎటూ తేలదు.

మోర్మన్లు అన్నది బయటివారు పెట్టిన పేరు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అన్న పూర్తి పేరునే వాడమని 2018 నుంచి ఆ సంఘం గట్టిగా కోరుతోంది. పాఠకులకు పరిచయమైన మాట కావడం వల్లనే ఇక్కడ పాత పేరును వాడవలసి వస్తోంది. సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న ఆ సంఘంలో నమోదైన సభ్యులు కోటి డెబ్బై లక్షలకు పైనే.

రక్షణ అనే ఒక్క మాటను మోర్మన్ బోధ కనీసం మూడు అర్థాల్లో వాడుతుంది. వాదనల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. మొదటి అర్థం శరీర మరణం నుంచి విడుదల. "ఆదామునందు అందరు ఏలాగు మృతిపొందుచున్నారో, ఆలాగుననే క్రీస్తునందు అందరు బ్రదికింపబడుదురు" అని పౌలు కొరింథీయులకు రాసిన మాటను వారు అక్షరాలా తీసుకుంటారు. పుట్టిన ప్రతి మనిషీ, నమ్మినవాడైనా నమ్మనివాడైనా, నీతిమంతుడైనా దుర్మార్గుడైనా, నాశనం లేని శరీరంతో తిరిగి లేస్తాడు. దీనికి బాప్తిస్మం గాని పశ్చాత్తాపం గాని అవసరం లేదు. ఈ ఒక్క విషయంలో మోర్మన్ బోధ చాలా ప్రొటెస్టంట్ సంఘాల బోధకన్నా ఉదారమైనది. రెండవ అర్థం పాపం నుంచి విడుదల. క్రీస్తునందు విశ్వాసం, పశ్చాత్తాపం, ముంచి ఇచ్చే బాప్తిస్మం, చేతులుంచి ఇచ్చే పరిశుద్ధాత్మ వరం అనే నాలుగింటినీ దానికి మార్గంగా 1842లో సంఘ స్థాపకుడు జోసఫ్ స్మిత్ రాసిన విశ్వాస ప్రమాణాలు చెబుతాయి. మూడవ అర్థం ఉన్నతస్థితి. భార్యాభర్తలుగా, కుటుంబంగా దేవుని సన్నిధిలో నిత్యం జీవిస్తూ, దేవుని వంటి జీవితానికే ఎదగడాన్ని ఆ మాట సూచిస్తుంది. ఒక మోర్మన్ తన రక్షణ ఇంకా పూర్తి కాలేదని అంటే సాధారణంగా ఈ మూడవదే అతని మనసులో ఉంటుంది. వినే బాప్టిస్టుకు మాత్రం ఆ మాట రెండవ అర్థంలోనే చేరుతుంది. ఒకరు చెప్పినదానికి మరొకరు వేరే ప్రశ్నకు జవాబు ఇస్తారు.

ఆదాము పాపం పుట్టుకతో సంక్రమిస్తుందన్న బోధను మోర్మన్లు అంగీకరించరు. మనుషులు తమ సొంత పాపాలకే శిక్ష పొందుతారు గాని ఆదాము అతిక్రమానికి కాదని విశ్వాస ప్రమాణాలలో రెండవది చెబుతుంది. అందుచేత ఎనిమిదేళ్లు నిండని పిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం దేవుణ్ణి అపహసించడమేనని, బైబిలుతో పాటు వారు లేఖనంగా స్వీకరించే మోర్మన్ గ్రంథం చివరి భాగంలో చాలా పరుషంగా ఉంది. ఎనిమిదేళ్లలోపు చనిపోయిన బిడ్డకు ఏ విధీ లేకుండానే క్రీస్తు ప్రాయశ్చిత్తం వల్ల సంపూర్ణ రక్షణ ఉంటుంది. మంచిచెడ్డలు తెలుసుకునే శక్తి లేని మానసిక వైకల్యం ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. ఈ మినహాయింపులు పైకి చిన్నవిగా కనిపించినా వీటిలో చాలా ఉంది. విధి తనంతట తాను ఆత్మను మార్చే మంత్రమైతే ఈ బిడ్డలకూ అది కావలసి ఉండేది. బాధ్యత వహించగల మనిషికే విధి అవసరమని చెప్పడం వల్ల, విధిని ఇష్టపూర్వకమైన ఒప్పందంగా, అంటే నిబంధనగా చూస్తున్నారని తెలుస్తుంది.

ఈ సిద్ధాంతమంతా ఒక్కసారిగా పుట్టింది కాదు. 1830 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని పల్మైరాలో మోర్మన్ గ్రంథం అచ్చయింది. ఏప్రిల్ 6న అదే రాష్ట్రంలోని ఫయెట్‌లో సంఘం ఏర్పడింది. ఆనాటి మోర్మన్ గ్రంథంలో మూడు మహిమల రాజ్యాలు లేవు, మృతుల కోసం బాప్తిస్మం లేదు, మరణం దాటి నిలిచే నిత్య వివాహం లేదు. ఉన్నది పరలోకం, నరకం, పశ్చాత్తాపం, బాప్తిస్మం, వీటన్నిటి మీద పరచుకున్న గాఢమైన కృపా భావం. ప్రాణమంతా పెట్టి దేవుణ్ణి సేవించినా మీరు నిష్ప్రయోజకులైన దాసులే అని ఆ గ్రంథంలో బెన్యామీను రాజు తన ప్రజలతో అంటాడు. మీరు ఒక ఆజ్ఞ పాటించగానే దేవుడు మిమ్మల్ని మళ్లీ ఆశీర్వదిస్తాడు గనుక ఆ ఋణం ఏనాటికీ తీరదని కూడా చెబుతాడు. మెస్సీయ యోగ్యత, కనికరం, కృప వల్ల తప్ప ఏ శరీరియు దేవుని సన్నిధిలో నివసించలేడని మరొకచోట ఉంటుంది. మనిషి తనంతట తాను దేనికీ అర్హుడు కాలేడన్న మాట ఇంకొకచోట ఉంటుంది. సంఘం ఏర్పడిన రోజుల్లోనే వెలువడిన నియమపత్రం, నీతిమంతులుగా తీర్చబడటమూ పరిశుద్ధపరచబడటమూ కృప వల్లనే అని చెబుతూ, మనిషి కృప నుంచి తొలగిపోయే అవకాశముందని హెచ్చరిస్తుంది. ఇది మెథడిస్టుల ధోరణికి చాలా దగ్గర. యువకుడిగా ఉన్నప్పుడు తన మనసు మెథడిస్టుల వైపు కొంత మొగ్గిందని జోసఫ్ స్మిత్ స్వయంగా రాసుకున్నాడు.

మొదటి పెద్ద మలుపు 1832 ఫిబ్రవరి 16న ఒహాయో రాష్ట్రంలోని హైరమ్ గ్రామంలో వచ్చింది. జోసఫ్ స్మిత్, అతని సహచరుడు సిడ్నీ రిగ్డన్ కలిసి చూశామని చెప్పిన దర్శనం ప్రకారం పరలోకం, నరకం అనే రెండు గదుల లెక్క చెల్లదు. సూర్యుని మహిమతో పోల్చిన సిలెస్టియల్ రాజ్యం, చంద్రుని మహిమతో పోల్చిన టెర్రెస్ట్రియల్ రాజ్యం, నక్షత్రాల మహిమతో పోల్చిన టిలెస్టియల్ రాజ్యం అని మూడు ఉన్నాయి. అబద్ధికులు, వ్యభిచారులు సైతం చాలాకాలం నరకయాతన అనుభవించిన తరువాత మూడవ రాజ్యానికి చేరతారు. ఆ రాజ్యపు మహిమే మానవ ఊహకు అందనిదని ఆ దర్శనం చెబుతుంది. సత్యాన్ని పూర్తిగా తెలుసుకుని, దానికి ఎదురుతిరిగిన అతి కొద్దిమందికి మాత్రమే ఏ మహిమా ఉండదు. ఈ బోధ విని ఆనాటి మోర్మన్లలోనే కొందరు కలవరపడ్డారు. అందరికీ ఇంత కనికరం దొరికితే ఇక తేడా ఏముంది అన్న సందేహం సహజమే. కృప ఇంతగా విస్తరించాకనే, అత్యున్నత స్థానానికి ప్రత్యేకమైన విధులు కావాలన్న ఆలోచన బలపడింది. ఈ రెండు కదలికలనూ ఒకదానితో ఒకటి కలిపి చూడాలి. కింది అంతస్తు తలుపులు బార్లా తెరిచిన సిద్ధాంతమే పై అంతస్తు మెట్లను ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వెళ్లింది.

ఆ మెట్ల వెనుక ఒక కుటుంబ దుఃఖం ఉంది. జోసఫ్ స్మిత్ పెద్దన్న ఆల్విన్ 1823 నవంబరులో బాప్తిస్మం లేకుండానే చనిపోయాడు. అంత్యక్రియల్లో ప్రసంగించిన ప్రెస్బిటేరియన్ కాపరి, ఆల్విన్ నరకానికే వెళ్లాడన్న అర్థం వచ్చేలా మాట్లాడాడని ఆ కుటుంబం చాలాకాలం గుర్తుంచుకుంది. 1836 జనవరి 21న ఒహాయోలోని కర్ట్‌లండ్ దేవాలయంలో కలిగిన దర్శనంలో జోసఫ్ తన అన్నను సిలెస్టియల్ రాజ్యంలో చూసి ఆశ్చర్యపోయాడు. సువార్త తెలిసి ఉంటే మనఃపూర్వకంగా అంగీకరించి ఉండేవారందరూ ఆ రాజ్యానికి వారసులేనని అప్పుడు వాణి వినిపించిందట. ఆ మాటతోనే ఆగిపోయి ఉంటే మృతుల విషయంలో మోర్మన్ బోధ శుద్ధ కృపా బోధగా మిగిలి ఉండేది. దేవుడు హృదయాన్ని చూసి తీర్పు తీరుస్తాడు, అంతే. నాలుగేళ్ల తరువాత, 1840 ఆగస్టు 15న, ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో సీమోర్ బ్రన్సన్ అనే సభ్యుడి అంత్యక్రియల్లో జోసఫ్ ఇంకో అడుగు వేశాడు. "ఇట్లు కానియెడల మృతులకొరకై బాప్తిస్మము పొందువారేమి చేతురు?" అన్న పౌలు ప్రశ్నను ఎత్తుకుని, బతికున్నవారు చనిపోయిన తమ వారి పక్షాన బాప్తిస్మం పొందవచ్చునని ప్రకటించాడు. ఆ సెప్టెంబరులోనే ఒక స్త్రీ చనిపోయిన తన కొడుకు కోసం మిసిసిపీ నదిలో మునిగింది. జనం ఉత్సాహంగా నదిలోకి దిగారు. మొదట్లో సరైన లెక్కలు లేవు; పురుషుల కోసం స్త్రీలు, స్త్రీల కోసం పురుషులు మునిగారు. తరువాత నియమాలు వచ్చాయి, లేఖకులు వచ్చారు, 1841 నవంబరులో నిర్మాణంలో ఉన్న దేవాలయంలోనే చెక్క తొట్టి ఏర్పాటైంది. 1842 మే నెలలో ఎండోమెంట్ అనే దేవాలయ కర్మ మొదలైంది. 1843 జులైలో నిత్య వివాహపు బోధను రాతలో పెట్టారు. ఏడాది తిరగకముందే, 1844 జూన్‌లో, జోసఫ్ స్మిత్ కార్తేజ్ జైలులో హత్యకు గురయ్యాడు.

ఆల్విన్ విషయంలో హృదయాన్ని చూసి స్వీకరించిన దేవుడు, ఆ తరువాత నీటిని కూడా ఎందుకు కోరాడు అన్న ప్రశ్నకు మోర్మన్ జవాబు ఇది: దేవుడు ఇవ్వదలచిన దాన్ని మనిషి నిబంధనలో చేరి పుచ్చుకోవాలి, ఆ నిబంధనకు కనిపించే రూపం కావాలి, ఆ రూపాన్ని అధికారం ఉన్నవారే ఇవ్వాలి. ఒకడు నీటిమూలముగాను ఆత్మమూలముగాను జన్మించితేనే గాని దేవుని రాజ్యంలో ప్రవేశించలేడని యోహాను సువార్తలో యేసు నీకొదేముతో అన్న మాటకు మినహాయింపు లేదని వారి వాదన. పౌలు రాసిన ఒక్క ప్రశ్న మీద ఇంత పెద్ద ఆచారాన్ని నిలపడం బలహీనమైన ఆధారమేనని బైబిలు పండితుల్లో చాలామంది అంటారు, అందులో న్యాయముంది. మోర్మన్లకు అసలు ఆధారం ఆ వాక్యం కన్నా జోసఫ్ ప్రవక్త అన్న నమ్మకమే. మోర్మన్ గ్రంథాన్నే లేఖనంగా స్వీకరిస్తూ మృతుల బాప్తిస్మాన్ని ఆచరించని కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అనే మరో శాఖ ఉండటం ఈ సంగతినే నిరూపిస్తుంది. 1830 నాటి గ్రంథం నుంచి నావూ దేవాలయానికి వెళ్లే దారి తప్పనిసరి దారి కాదు.

ఇక కృప, క్రియల వాదన. తెలుగు క్రైస్తవుల్లో ఆదివార పాఠశాలకు వెళ్లిన ప్రతివారికీ కంఠతా వచ్చే వాక్యం ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." అదే బైబిలులో యాకోబు, క్రియలు లేని విశ్వాసం మృతమంటాడు. ఈ రెండింటినీ పొందికగా చదవడం లూథర్ కాలం నుంచి అన్ని సంఘాలకూ ఉన్న పనే. మోర్మన్లకు మాత్రం తమ సొంత లేఖనంలోనే ఇంకో చిక్కుముడి ఉంది. నీఫై రెండవ గ్రంథం 25వ అధ్యాయం 23వ వచనం, మనం చేయగలిగినదంతా చేసిన తరువాత కృపచేతనే రక్షింపబడతామని చెబుతుంది. ఇరవయ్యవ శతాబ్దంలో ఎక్కువ కాలం ఈ వచనాన్ని ఒక వరుసగా చదివారు: మనిషి తన శక్తికొద్దీ ముందు పని చేస్తాడు, చాలని మేరకు కృప వచ్చి పూరిస్తుంది. చేయగలిగినదంతా చేశానని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగల మనిషి ఎవరూ ఉండరు గనుక ఈ పఠనం భక్తిపరులనే ఎక్కువగా కుంగదీసింది. తానెప్పుడూ కృపకు ఒక అడుగు ఇవతలే ఉండిపోయానన్న వేదన సంఘంలో, ముఖ్యంగా స్త్రీలలోనూ యువ మిషనరీలలోనూ, నిజమైన సమస్య అయింది.

1980ల నుంచి ఈ పఠనం మారుతూ వచ్చింది. 2011లో ఆ సంఘానికే చెందిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్ విల్కాక్స్ చేసిన ప్రసంగంలో ఒక పోలిక చాలామందికి నచ్చింది. తల్లి తన బిడ్డ పియానో పాఠాలకు గురువుకు పూర్తి రుసుము కట్టేస్తుంది. బిడ్డను సాధన చేయమంటుంది. ఆ సాధన గురువుకు చెల్లింపు కాదు, తల్లికి బాకీ తీర్చడమూ కాదు. తల్లి ఇచ్చినదాన్ని బిడ్డ నిజంగా అందుకునే తీరు అది. 2015 ఏప్రిల్‌లో సంఘ మహాసభలో అగ్రనాయకుడు డీటర్ ఎఫ్. ఉక్‌డార్ఫ్ నీఫై వచనాన్ని నేరుగా ఎత్తుకుని, మనం చేసినదాని తరువాత అంటే చేసినదాని కారణంగా అని అర్థం కాదని స్పష్టం చేశాడు. దీనికి మోర్మన్ గ్రంథంలోనే ఆధారం ఉంది. తమ ఘోరమైన హత్యల గురించి మాట్లాడుతూ ఆ గ్రంథంలోని లామనీయులనే జనం రాజు ఒకడు, మేము చేయగలిగినదంతా పశ్చాత్తాపపడటమే అంటాడు. ఆ వెలుగులో చదివితే చేయగలిగినదంతా అన్న మాట ఒక పనుల జాబితాగా కాక, తిరిగి దేవుని వైపు మళ్లడంగా కనిపిస్తుంది. ఈ పఠనమే గ్రంథం మొత్తానికి ఎక్కువ నమ్మకమైనదని చెప్పవచ్చు. అయితే వేదిక మీద మారిన బోధ, దేవాలయ ప్రవేశానికి ముందు సభ్యుల యోగ్యతను పరీక్షించే ఇంటర్వ్యూ గదిలోకి ఇంకా పూర్తిగా చేరలేదు.

ఇంతకన్నా లోతైన మాట 2000 అక్టోబరులో సంఘ నాయకుడు డాలిన్ హెచ్. ఓక్స్ చెప్పాడు. చివరి తీర్పు అంటే చేసిన మంచిచెడ్డల మొత్తం లెక్క కాదని, ఆ క్రియల, తలంపుల ఫలితంగా మనిషి ఏమిగా మారాడన్నదానికి గుర్తింపు అని ఆయన వివరించాడు. పైన చెప్పిన ఉన్నతస్థితి అనే భావనకు ఇది సరిగ్గా సరిపోతుంది. గమ్యం ఒక స్థలమైతే టికెట్టు ఎవరు కొన్నారన్న ప్రశ్న వస్తుంది. గమ్యం ఒక స్వభావమైతే ఆ ప్రశ్నకు అంత పదును ఉండదు. ఎంత ఉచితంగా ఇచ్చినా స్వభావాన్ని మనిషి తన ఇష్టంతో పెంచుకోవలసిందే. తూర్పు దేశాల సనాతన క్రైస్తవ సంఘాలు మనిషి దైవసాదృశ్యం పొందడం గురించి చెప్పేదానికి ఇది పొరుగున ఉంది, పూర్తిగా అదే కాకపోయినా. ప్రొటెస్టంట్ ప్రశ్నాపత్రాన్ని పట్టుకుని మోర్మన్ జవాబులను దిద్దడం వల్ల ఈ పొరుగుతనం చాలాసార్లు కంటబడదు.

విధులు ఈ నడకలో ఏం చేస్తాయో తెలియాలంటే ప్రతి ఆదివారం జరిగే సంస్కారాన్ని చూస్తే చాలు. పదహారు పదిహేడేళ్ల అబ్బాయిలు తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర రొట్టెను చిన్న ముక్కలుగా విరుస్తారు. ద్రాక్షారసం బదులు నీళ్లు వాడతారు. రొట్టెకొక ప్రార్థన, నీళ్లకొక ప్రార్థన. ఆ రెండూ అక్షరం పొల్లుపోకుండా చదవాలి. వేదిక మీద కూర్చున్న బిషప్ శ్రద్ధగా వింటాడు. ఒక పదం జారితే అబ్బాయి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది, సభ అంతా తలలు వంచుకుని నిశ్శబ్దంగా ఎదురుచూస్తుంది. ఇంత కచ్చితంగా చదివే ఆ రొట్టె ప్రార్థనలో సభ్యులు దేవునికి ఇచ్చే మాట మాత్రం చాలా మెత్తనిది. కుమారుని నామమును తమ మీద ధరించుకోవడానికి, ఆయనను ఎల్లప్పుడూ జ్ఞాపకం చేసుకోవడానికి, ఆయన ఆజ్ఞలను పాటించడానికి ఇష్టపడుతున్నామని వారు సాక్ష్యమిస్తారు. పాటించామని చెప్పరు. బదులుగా ఆయన ఆత్మ ఎల్లప్పుడూ వారితో ఉంటుందన్న వాగ్దానం దొరుకుతుంది. వారం వారం తప్పిపోయే మనిషి వారం వారం అదే నిబంధనలోకి తిరిగి రావడానికి వీలు కల్పించే ఏర్పాటు ఇది. మోర్మన్ సిద్ధాంతంలో కృపకు ఇంతకన్నా స్పష్టమైన రూపం మరొకటి లేదు.

రూపం ఎంత కచ్చితమో, అది చాలదన్న హెచ్చరికా అంతే గట్టిది. ఏ విధి అయినా వాగ్దానపు పరిశుద్ధాత్మ ముద్ర పడితే తప్ప మరణం తరువాత నిలవదని 1843 నాటి ప్రకటన చెబుతుంది. అంటే అధికారంతో, సరైన మాటలతో జరిగిన వివాహమైనా సరే, ఆ ఇద్దరి బతుకు దానికి తగినట్టు లేకపోతే ఆత్మ దాన్ని ధ్రువపరచడు. కతోలిక సంఘంలో సంస్కారం సరిగ్గా జరిగితే దాని వల్ల కలిగే కృప ఇచ్చే గురువు యోగ్యత మీద ఆధారపడదు. మోర్మన్లూ ఇచ్చేవాడి వ్యక్తిగత పవిత్రత మీద విధి ఆధారపడదనే అంటారు గాని, ఇచ్చేవాడికి తమ యాజకత్వ వరుస ఉండి తీరాలంటారు. ఆ వరుస 1829లో బాప్తిస్మమిచ్చు యోహాను, ఆ తరువాత పేతురు, యాకోబు, యోహానులు దిగివచ్చి జోసఫ్ స్మిత్‌కూ అతని సహచరుడు ఆలివర్ కౌడరీకీ ఇచ్చారని వారి నమ్మకం. కనుకనే మరే సంఘంలో బాప్తిస్మం పొందినవారైనా వారి దగ్గర మళ్లీ తీసుకోవలసిందే. నూరుసార్లు తీసుకున్నా పాత బాప్తిస్మం పనికిరాదని 1830 నాటి ప్రకటన కుండబద్దలు కొట్టినట్టు చెబుతుంది. అవతలివైపు నుంచి వాటికన్ కూడా 2001లో మోర్మన్ బాప్తిస్మం చెల్లదని తేల్చింది. ఈ విషయంలో ఇరువైపులా నిర్మొహమాటంగా ఉండటం మంచిదే. మర్యాద కోసం తేడాలను దాచిపెడితే అర్థం చేసుకోవడం మరింత కష్టమవుతుంది.

ఎండోమెంట్ కర్మలో సృష్టి, ఆదాము హవ్వల పతనం, దేవుని సన్నిధికి తిరుగు ప్రయాణం ఒక కథనంగా నడుస్తాయి. అందులో పాల్గొనేవారు విధేయత, త్యాగం, శీలం, సమర్పణ గురించి నిబంధనలు చేస్తారు. ముద్రవేత అనే కర్మలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు మరణం దాటి ఒకటిగా ఉండేలా బంధింపబడతారు. లోపలి వివరాలను పవిత్రమైనవిగా భావించి వారు బయట మాట్లాడరు గనుక ఇక్కడ ఇంతటితో ఆపడం సముచితం.

కష్టం మొదలయ్యేది తలుపు దగ్గర. దేవాలయంలోకి వెళ్లాలంటే రెండేళ్లకోసారి బిషప్‌తోనూ, ఆ పై నాయకుడితోనూ ఇంటర్వ్యూ పూర్తిచేసుకుని సిఫారసు పత్రం తీసుకోవాలి. క్రీస్తు ప్రాయశ్చిత్తం మీద నమ్మకం ఉందా అన్న ప్రశ్నతో పాటు దశమభాగం పూర్తిగా ఇస్తున్నారా, శీలనియమం పాటిస్తున్నారా, మద్యం, పొగాకు, టీ, కాఫీలకు దూరంగా ఉన్నారా అన్న ప్రశ్నలుంటాయి. చివరి ప్రశ్న, ప్రభువు మందిరంలో ప్రవేశించడానికి మీరు యోగ్యులమని భావిస్తున్నారా అన్నది. విధులు కృపను అందుకునే చేతులైతే, ఆ చేతులు చాచడానికి ముందే యోగ్యత చూపించవలసి రావడం వల్ల సిద్ధాంతంలో తీసేసిన వరుస ఆచరణలో తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఈ ప్రశ్నలు పరిపూర్ణతను కోరడం లేదని, ఒప్పందానికి సిద్ధపడ్డారో లేదో చూడటానికేనని నాయకులు చెబుతారు. ఆ వివరణ నిజాయితీగలదే. అయినా దశమభాగం ఇవ్వలేకపోయిన పేద కుటుంబం గుమ్మం బయట నిలబడినప్పుడు ఆ తేడా వారికి కనిపించదు.

ఇంకా పెద్ద గాయం చరిత్రలో ఉంది. కృపను మనుషుల చేతుల గుండా పంపే సిద్ధాంతం, ఆ చేతులు ముడుచుకుంటే ఏమవుతుంది అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. 1852లో, జోసఫ్ తరువాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగ్ ప్రకటించిన విధానం ప్రకారం ఆఫ్రికన్ సంతతి పురుషులకు యాజకత్వం, ఆ సంతతి స్త్రీపురుషులకు ఎండోమెంట్, ముద్రవేత నిరాకరించారు. బాప్తిస్మం దొరికేది, ఉన్నతస్థితికి కావలసిన విధులు దొరికేవి కావు. జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లజాతి స్త్రీ నావూలో జోసఫ్ స్మిత్ ఇంట్లో ఉండి పనిచేసింది, తరువాత మోర్మన్లతో పాటు యూటా చేరింది. తనకూ దేవాలయ విధులు కావాలని ఆమె ఏళ్ల తరబడి నాయకులను బతిమాలుకుంది. 1894లో వారు ఆమెను జోసఫ్ స్మిత్ కుటుంబానికి సేవకురాలిగా ముద్రవేయడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆ కర్మ జరిగేటప్పుడు ఆమెను లోపలికి రానివ్వలేదు. ప్రాణాలతో ఉన్న ఆమె స్థానంలో ఒక తెల్లజాతి స్త్రీ నిలబడింది. చనిపోయినవారి కోసం పుట్టిన ప్రతినిధి ఆచారాన్ని బతికున్న స్త్రీని బయట ఉంచడానికి వాడిన ఘట్టమిది. జేన్ 1908లో చనిపోయింది. 1978 జూన్‌లో స్పెన్సర్ డబ్ల్యూ. కింబల్ అధ్యక్షతన ఆ నిషేధం తొలగింది. మరుసటి ఏడాది ఆమె పక్షాన ఎండోమెంట్ జరిగింది. నిషేధాన్ని సమర్థించడానికి గతంలో చెప్పిన సిద్ధాంతాలను సంఘం ఇప్పుడు తోసిపుచ్చుతోంది. మృతుల విధులే ఆమెకు న్యాయం చేశాయని ఒక మోర్మన్ విశ్వాసి అనవచ్చు, అందులో అతనికి ఓదార్పూ ఉండవచ్చు. కాని బతికి ఉన్నంతకాలం ఆమెకు అడ్డు నిలిచింది దేవుని కృపా లోపమో, ఆమె క్రియా లోపమో కాదు, తలుపు దగ్గర ఉన్న మనుషులు. విధులను మధ్యలో నిలిపిన ఏ మతమైనా ఈ ప్రమాదాన్ని మోస్తూనే ఉంటుంది.

మృతుల సమ్మతి విషయం వేరే రకమైన చిక్కు. యూదు నరమేధంలో చనిపోయినవారి పేర్లమీద బాప్తిస్మాలు జరిగాయని తెలిసినప్పుడు యూదు సంస్థలు తీవ్రంగా నొచ్చుకున్నాయి. 1995లో కుదిరిన ఒప్పందం ప్రకారం సంఘం ఆ పేర్లను జాబితాల నుంచి తీసివేయడానికి ఒప్పుకుంది. 2008లో వాటికన్ కూడా పారిష్ రిజిస్టర్లను మోర్మన్ వంశావళి సంస్థకు ఇవ్వవద్దని మేత్రాసనాలకు రాసింది. చనిపోయిన మనిషి నిరాకరించే స్వేచ్ఛ ఎప్పుడూ ఉందని, ఈ కర్మ వల్ల ఎవరూ మోర్మన్ అయిపోరని సంఘం ఇచ్చే జవాబు సిద్ధాంతరీత్యా సరైనదే. కాని మతం పేరుతోనే చంపబడినవారి పేరును మరో మతం కర్మలో పలకడం వారి సంతానానికి ఎలా తగులుతుందో సిద్ధాంతం చెప్పదు.

తెలుగువారికి ఈ బోధ 1978 డిసెంబరులో నేరుగా చేరింది. సమోవాలో ఉంటూ ఆ సంఘంలో చేరిన ఒక తెలుగు కుటుంబం హైదరాబాదుకు వచ్చి తమ బంధువులకు బాప్తిస్మం ఇప్పించింది. 2012 మేలో హైదరాబాదులో ఏర్పడిన స్టేకు, అంటే అనేక స్థానిక సంఘాల కూటమి, భారతదేశంలో మొదటిది. తెలుగు సభ్యులకు సంస్కారం, బాప్తిస్మం ఊళ్లోనే దొరికినా ఎండోమెంట్, ముద్రవేతల కోసం హాంకాంగ్ వంటి విదేశీ దేవాలయాలకు వెళ్లవలసి వచ్చింది. పాస్‌పోర్టు, వీసా, విమానం ఖర్చు ఒక మధ్యతరగతి కుటుంబానికి ఎంత భారమో చెప్పనక్కరలేదు. బెంగళూరులో దేవాలయం కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించి, 2020 డిసెంబరులో శంకుస్థాపన చేశారు.

దూరం తగ్గినా మరో అడ్డంకి ఉంటుంది. మృతుల పక్షాన విధులు జరగాలంటే వారి పేర్లు కావాలి. యూరప్‌లో పారిష్ రిజిస్టర్లు ఉన్నాయి. సాల్ట్ లేక్ సిటీలో 1894లో మొదలైన వంశావళి సంస్థ వాటిని విస్తారంగా సేకరించింది. తెలుగు పల్లెలో తాత ముత్తాతల పేర్లు ఇంటిపేరుతో కలిపి నాలుగైదు తరాల వరకు పెద్దల నోట దొరికితే దొరకవచ్చు. ఆ తరువాత, ముఖ్యంగా స్త్రీల పేర్లు, ఎక్కడా ఉండవు. భూములు లేని, రాతకోతలు అందని కులాల్లో అంతకు ముందే ఆగిపోతాయి. ప్రపంచంలో పుట్టి చనిపోయినవారిలో అత్యధికుల పరిస్థితి ఇదే. వారందరి విధులూ క్రీస్తు వెయ్యేళ్ల పాలనలో, పరలోకం నుంచి పేర్లు తెలియజేయబడినప్పుడు పూర్తవుతాయని మోర్మన్లు నమ్ముతారు. పేర్లు తామే వెతకాలన్న ఆజ్ఞనూ ఈ నమ్మకాన్నీ వారు కలిపే పట్టుకుంటారు. అందుకే హైదరాబాదు సభ్యురాలు ఒకరు తన అమ్మమ్మ తల్లి పేరు కోసం ఊరికి వెళ్లి ముసలివాళ్లను అడుగుతారు, దొరికిన పేరును నమోదు చేస్తారు, దొరకని పేర్లను దేవునికి వదిలేస్తారు.